పాత బోటు మోటారు: రెండు ప్లగ్గులకీ కరెంటు నీరసంగా వస్తోంది

సింగ్‌నగర్ పడవ:
అందరికీ నమస్తే. మా నాన్న వాడిన పాత టూస్ట్రోక్ బోటు మోటారు ఒకటుంది. రెండు సిలిండర్లు, పాయింట్ల మోడల్ (తెరుచుకుని మూసుకుంటూ ప్లగ్గుకు కరెంటు కొట్టించే చిన్న స్విచ్చులు), తాడు లాగి స్టార్ట్ చేసేది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింది వాటాలో ఉన్న మోటారు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. గోడ మీద ఆ నీటి గీత ఇంకా పోలేదు. అప్పట్లో ఇల్లు కడుక్కోవడంతోనే సరిపోయింది, దీన్నెవరు పట్టించుకుంటారు? ఈ మధ్య ఒక మెకానిక్ సిలిండర్లు, కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేశాడు. కంప్రెషన్ బాగుంది. ప్లగ్ బాడీకి ఆనించి తాడు లాగితే కరెంటు వస్తోంది గానీ పసుపు రంగులో, దారప్పోగులా. పగలు కనిపించదు, లైట్లు ఆపి చూడాల్సి వచ్చింది. ప్లగ్గులు కొత్తవే. ప్లగ్గులకు కరెంటు పెంచి పంపే కాయిల్స్ మార్చమంటున్నాడు. ఈ మోడల్‌కి ఒకటి దొరకడమే కష్టం, రెండెక్కడ తేను?

తాడేపల్లి కుర్రాడు:
కాయిలే అన్నా. నాదీ అంతే. చల్లగా ఉంటే ఒక్క లాగుకే అందుకునేది, ఇరవై నిమిషాలు తిరిగాక టప్‌మని ఆగేది. భవానీ ద్వీపం దాటాక ఒకసారి అలా ఆగిపోతే తెడ్లేసుకుంటూ ఒడ్డుకొచ్చాం. చల్లారితే మళ్లీ మామూలే. కాయిల్ మార్చాక ఆ గొడవ లేదు.

ఆటోనగర్ పాతకాపు:
తమ్ముడూ, నీది వేడెక్కితే చచ్చే కాయిల్. అది వేరే జబ్బు. ఇతనిది చల్లగా ఉన్నప్పుడే నీరసం, అదీ రెండు వైపులా. ఈ పాత మోటార్లలో చాలావాటికి ఒక్కో సిలిండర్‌కి విడిగా కాయిల్, పాయింట్లు, వాటి మధ్య రవ్వలు కొట్టకుండా చూసే కండెన్సర్ ఉంటాయి. రెండు కాయిల్సూ మాట్లాడుకున్నట్టు ఒకేసారి, ఒకేలా పోతాయా? రెండింటికీ కలిపి తగిలిన దెబ్బేంటో చూడాలి. అదేంటో అతనే చెప్పాడుగా, వరద నీళ్లు.

బాబూ, ముందు పైసా ఖర్చులేని పని చెయ్యి. స్టాప్ బటన్ నుంచి మ్యాగ్నెట్ ప్లేటుకు (కాయిల్స్, పాయింట్లు బిగించిన ప్లేటు) వెళ్లే వైర్లు ఊడదీసి, తాడు లాగి చూడు. ఆ బటన్ చేసే పనే కరెంటును ఎర్త్‌లోకి పంపడం. లోపల తడి చేరినా, వైరు తొడుగు చిరిగి బాడీకి తగిలినా కరెంటు అక్కడే కారిపోతుంది. ఒకటి గుర్తుంచుకో, వైర్లు తీసి స్టార్ట్ చేస్తే బటన్ నొక్కినా ఆగదు. చోక్ లాగి ఆపాలి.

ఉండవల్లి రేవు:
పరీక్షించేటప్పుడు రెండు ప్లగ్గులూ విప్పి తాడు లాగండి, ఫ్లైవీల్ (పైన తిరిగే అయస్కాంతాల చక్రం) జోరుగా తిరుగుతుంది. మ్యాగ్నెట్ కరెంటుకు ఆ జోరే ఆధారం. ప్లగ్గులు రెండూ బాడీకి ఆని ఉండాలి, గాల్లో వదిలేస్తే కాయిల్ దెబ్బతింటుంది. ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, లోపల్నుంచి పెట్రోలు ఆవిరి కొడుతుంది. మా బాబాయికి ఒకసారి కనుబొమ్మలు కాలాయి.

సింగ్‌నగర్ పడవ:
వైర్లు తీసి చూశానండీ. తేడా లేదు.

ఆటోనగర్ పాతకాపు:
అయితే ఫ్లైవీల్ విప్పాల్సిందే. పాయింట్లు దాని కిందే ఉంటాయి. గరుకు కాగితం తెగ రుద్దకు. నల్ల పొర పోయేదాకా మెత్తగా గీకి, ఆ తర్వాత తెల్ల కాగితం ముక్కను థిన్నర్‌లో తడిపి పాయింట్ల మధ్య పెట్టి లాగు. మరక అంటనంత వరకూ లాగుతూనే ఉండు. గ్యాప్ ఇలాంటివాటికి ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై), అంటే సుమారు 0.5 మి.మీ. ఫీలర్ గేజ్‌తోనే పెట్టు, కంటి లెక్క వద్దు. షాఫ్ట్ మీది క్యామ్ (పాయింట్లను తెరిచే గూను) పూర్తిగా ఎత్తిన చోట కొలవాలి.

గుంటూరు ల్యాత్:
పుల్లర్ లేకుండా ఫ్లైవీల్ జోలికి పోకండి. సుత్తితో కొట్టిన షాఫ్ట్‌లు నా దగ్గరికి వస్తుంటాయి, చివర పుట్టగొడుగులా విచ్చుకుని నట్టే ఎక్కదు. తీశాక ఫ్లైవీల్‌ని షాఫ్ట్ మీద కదలకుండా పట్టే చిన్న కీ ముక్క కూడా చూడండి, కొంచెం కోసుకుపోయినా టైమింగ్, అంటే కరెంటు కొట్టే వేళ, మారిపోతుంది.

సింగ్‌నగర్ పడవ (మూడు రోజుల తర్వాత):
పుల్లర్ అద్దెకు తెచ్చి విప్పాను. లోపల బురద ఎండి అప్పడంలా పెళ్లలు కట్టింది. పాయింట్ల మీద పచ్చగా చిలుము. కీ బాగానే ఉంది. మల్టీమీటర్‌తో చూస్తే రెండు కాయిల్స్ ప్రైమరీ (మొదటి తీగచుట్ట) ఒకటే చూపించాయి, ఓమ్‌కి కాస్త అటూఇటూగా. అంతా కడిగి, ఆరబెట్టి, చెప్పినట్టే గ్యాప్ పెట్టాను. ఇప్పుడు కరెంటు నీలంగా వస్తోంది, టిక్ టిక్‌మని చప్పుడు కూడా. పావు అంగుళం దూకుతోంది! డ్రమ్ములో నీళ్లు పోసి పావుగంట నడిపాను.

కానీ మర్నాడు మళ్లీ పసుపే. ఫ్లైవీల్ విప్పితే పాయింట్ల మీద నూనె తడి. చెయ్యి పెడితే పెట్రోలు వాసన. నిన్న అంత తుడిచానే?

ఆటోనగర్ పాతకాపు:
పై ఆయిల్ సీల్ పోయింది. టూస్ట్రోక్ కదా, పిస్టన్ దిగినప్పుడల్లా కింద గదిలో ఒత్తిడి పెరుగుతుంది. సీల్ రబ్బరు గట్టిపడితే పెట్రోలు, నూనె షాఫ్ట్ వెంట ఎగబాకి మ్యాగ్నెట్ ప్లేటు మీదికి వస్తాయి. ఎన్నిసార్లు తుడిచినా అంతే. కండెన్సర్ల సంగతి కూడా చూడు. పాయింట్ల మధ్యే నిప్పురవ్వలు గట్టిగా కొడుతుంటే అవి పోయినట్టు.

గుంటూరు ల్యాత్:
సీల్ కోసం మోటారు పేరు చెప్పి తిరగొద్దు. పాత సీల్ మీద అచ్చు చూడండి, లోపలి కొలత, బయటి కొలత, మందం. చెరిగిపోతే వెర్నియర్‌తో కొలిచి బేరింగ్ షాపులో అడగండి. పెట్రోలుకు తట్టుకునే రబ్బరు కావాలని చెప్పడం మర్చిపోకండి.

సింగ్‌నగర్ పడవ:
సీల్ దొరికింది. కాయిల్స్ పాతవే ఉంచాను. నిన్న సీతానగరం వైపు గంటకు పైగా తిరిగినా ఆగలేదు, సాయంత్రం విప్పి చూస్తే పాయింట్లు పొడిగానే ఉన్నాయి. ఒకటే ఇబ్బంది, నడుస్తుండగా కింది ప్లగ్ క్యాప్‌కి చెయ్యి తగిలితే జిల్లుమంటోంది.

తాడేపల్లి కుర్రాడు:
ఈసారైనా కాయిలేనా?

ఆటోనగర్ పాతకాపు:
కాదురా బాబూ. క్యాప్ గానీ ప్లగ్ వైరు గానీ ఎక్కడో పగిలింది. చీకట్లో నడిపి చూడమను, రవ్వ దూకే చోటే పగులు. ఆ వైరు మాత్రం మార్చేయమను.