సింగపూర్‌లో ఒక్క సెమిస్టర్: శని, ఆదివారాలు అడవులు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: హనుమకొండ అమ్మాయి

అందరికీ నమస్కారం. నేను బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను. ఈ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఒక సెమిస్టర్ సింగపూర్‌లో ఎక్స్ఛేంజ్ మీద చదవడానికి వెళ్తున్నాను. వీసా, హాస్టల్ పనులన్నీ అయిపోయాయి. ఇప్పుడు అడిగేది సెలవు రోజుల గురించి.

నాతో వస్తున్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో అప్పుడే బాలి, ఫుకెట్, క్రాబీ అంటూ టికెట్లు వెతుకుతున్నారు. వారం వారం విమానం ఎక్కేంత డబ్బు నా దగ్గర లేదు, అంత కోరికా లేదు. చిన్నప్పటి నుంచి నాన్న స్కూటర్ మీద పాకాల తీసుకెళ్లేవారు. చెట్లు, పిట్టలు చూస్తూ పొద్దంతా గడిపేవాళ్లం. నాకు అదే ఇష్టం. కానీ సింగపూర్ అంటే బిల్డింగులు తప్ప ఏమీ ఉండవని అందరూ అంటున్నారు. నిజంగా అడవి అనేది ఉందా? ఆడపిల్ల ఒక్కతే వెళ్లొచ్చా? అమ్మకు పాముల టెన్షన్, నాకు వానల టెన్షన్.

జవాబు: టాంపినీస్ నుంచి

అడవి ఉందమ్మా. బుకిట్ తీమా గుట్ట ఎత్తు 164 మీటర్లే, అరగంటలో పైకి చేరిపోతావు. కానీ చుట్టూ ఉన్నది ఎవరో నాటిన తోట కాదు, అందులో కొంత భాగం ఆదినుంచీ ఉన్న వానల అడవే. మాక్‌రిచీ రిజర్వాయర్ దగ్గర చెట్ల కొమ్మల ఎత్తున 250 మీటర్ల వేలాడే వంతెన ఉంది. అక్కడికి చేరాలంటే నాలుగైదు కిలోమీటర్లు నడవాలి. వంతెన మీద ఒకవైపే నడవనిస్తారు. సోమవారం మూసేస్తారు.

ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, మా ఆవిడ తెల్లవారే ఒక్కతే వాకింగ్‌కి వెళ్తుంది. ఆ భయం పెట్టుకోకు. పాములు ఉంటాయి గానీ దారి వదిలి పొదల్లోకి దిగకపోతే అవి మన జోలికి రావు.

భయపడాల్సింది పిడుగులకి. ఒకసారి మధ్యాహ్నం రెండు గంటలకు మాక్‌రిచీలో ఉండగా ఆకాశం నల్లబడింది. పది నిమిషాల్లో కాలిబాట కాలువైపోయింది. తలదాచుకునే షెడ్డు చాలా దూరంలో ఉంది. పక్కనే ఎక్కడో పిడుగు పడింది, ఆ చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటి నుంచి పొద్దున్నే బయల్దేరి పన్నెండులోపు ఇల్లు చేరడమే మా పద్ధతి. కొన్ని రోజులు తెల్లవారుజామునే సుమత్రా వైపు నుంచి గాలివాన వస్తుంది. అలాంటప్పుడు అది తగ్గాకే కదలాలి. ఫోన్‌లో వాతావరణం యాప్ పెట్టుకో, మెరుపుల హెచ్చరిక వస్తే వెనక్కి తిరిగెయ్. ఇక్కడ ఏడాది పొడుగునా ఇంచుమించు ఏడింటికే తెల్లవారుతుంది, కాబట్టి ఆరున్నరకు బయల్దేరితే చాలు.

జవాబు: తాళ్లరేవు అక్క

చెల్లీ, నేను కూడా 2018 ఆగస్టులో నీలాగే వెళ్లి డిసెంబరులో తిరిగొచ్చాను. నీకు గట్టిగా చెప్పేది ఒకటుంది. పది చోట్లు చూడాలని పరిగెత్తకు. ఒక్క చోటు ఎంచుకుని పదిసార్లు వెళ్లు. నేను ఎంచుకున్న చోటు సుంగే బులో.

ద్వీపం ఉత్తరపు అంచున, జొహోర్ జలసంధి ఒడ్డున ఉన్న మడ అడవి అది. క్రాంజీ స్టేషన్‌లో రైలు దిగి 925 బస్సెక్కాలి. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఏమీ కనపడలేదు. చెట్లు, నిండా నీళ్లు, అంతే. కోరంగి అడవి పక్కన పుట్టినదాన్ని, మడ చెట్లు చూడ్డానికి ఇంత దూరం వచ్చానా అనిపించింది. తిరిగి వెళ్లిపోదామనుకుంటుంటే గట్టు మీద ఒక తూము కనిపించింది. ఇటు చెరువు, అటు ఏరు, మధ్యలో నీళ్లను ఆపే తలుపు. మా తాతయ్య రొయ్యల చెరువుకీ అచ్చం అలాంటిదే ఉండేది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

తర్వాత తెలుసుకున్నాను, అవి నిజంగా పాత రొయ్యల చెరువులే. 1986లో పిట్టల్ని చూసేవాళ్లు కొందరు అక్కడికి వలస పక్షులు వస్తున్నాయని గమనించి, దాన్ని కాపాడమని ప్రభుత్వాన్ని అడిగారు. 1989లో ఒప్పుకున్నారు, 1993లో జనం కోసం తెరిచారు. ఇప్పుడు 202 హెక్టార్ల రిజర్వు. మా వైపు మడ నరికి రొయ్యల చెరువులు తవ్వినవాళ్లను చూస్తూ పెరిగాను నేను. ఇక్కడ అవే చెరువుల్ని పిట్టలకు వదిలేశారు. ఆ రాత్రి తాతయ్యకు ఫోన్ చేసి చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తూము ఇంకా ఆడిస్తున్నారా?" అని అడిగారు.

ఆడిస్తున్నారు చెల్లీ. అక్కడ అసలు సంగతి అదే. పోటు వచ్చినప్పుడు, అంటే సముద్రపు నీళ్లు పైకి పొంగినప్పుడు, బయట బురద నేలంతా మునిగిపోతుంది, పిట్టలకు కాలు పెట్టే చోటు ఉండదు. అందుకే తూముల దగ్గర నీళ్లు ఆపి, లోపలి చెరువులో మట్టం తక్కువగా ఉంచుతారు. అప్పుడు పిట్టలన్నీ అక్కడికి చేరతాయి. ఎర్రకాళ్ల ఉల్లంకి పిట్టలు గుంపుగా ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతుంటే, పిట్టల్ని చాటుగా చూడ్డానికి కట్టిన గదిలో కూర్చుని గంటలు గంటలు చూశాను. వలస పక్షులు సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. అంటే నీ సెమిస్టర్ సరిగ్గా సరిపోయింది. పక్షులు కావాలంటే పోటు మీద వెళ్లు. పీతలు, బురద చేపలు, మొసళ్లు కావాలంటే పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్లు. బస్సు టైము కన్నా ముందు పోటు, పాటు వేళలు చూసుకోవాలి. ఈ ముక్క నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ బురద చేప గురించి చెప్పాలి. మడ్‌స్కిపర్ అంటారు. రెండోసారి పాటు వేళ వెళ్లాను. చెక్క వంతెన కింద జానెడు చేప ఒకటి ముందరి రెక్కలు మోచేతుల్లా ఆనించి బురద మీద పాకుతోంది. కళ్లు నెత్తిమీద ఉన్నాయి. అప్పుడప్పుడు ఒక్కో కన్నూ లోపలికి దిగి, తడి చేసుకుని మళ్లీ పైకి వస్తోంది. దాని బొరియ చుట్టూ చిన్న గట్టు ఉంది. లోపలికి దూరి నోటినిండా బురద తెచ్చి ఆ గట్టు మీద ఉమ్మింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తెచ్చింది. నేను చూసినంతసేపట్లో పద్నాలుగుసార్లు తెచ్చింది. గండి పడినచోట తాతయ్య బంకమట్టి ముద్దలు వేసి పూడ్చడం గుర్తొచ్చింది. ఇలాంటి చేపలు కోరంగిలోనూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు వాటి పక్కన బతికి, ఆగి చూసింది మాత్రం అక్కడే.

జాగ్రత్తలు చెప్తాను. అక్కడ మన తిల్ల చెట్టు కూడా ఉంది, దాని పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. మలయ్‌లో దాన్ని బూటా బూటా అంటారు, బూటా అంటే గుడ్డి అని అర్థం. ఆకులు తుంచకు. మొసళ్లు ఉప్పునీటివి, పెద్దవి. దారి మీదకి కూడా ఒక్కోసారి వస్తాయి, కనిపిస్తే మెల్లగా వెనక్కి నడువు. కోతులు ప్లాస్టిక్ కవరు చూస్తే తిండే అనుకుంటాయి. నా చేతిలోని పులిహోర కవరు ఒకటి లాక్కెళ్లిపోయింది, ఆ గుంజుడుకి వేలు గీరుకుపోయి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. తినేవన్నీ జిప్ ఉన్న బ్యాగులో పెట్టు. వాటికి ఏమీ పెట్టకు, అది అక్కడ చట్టప్రకారం నేరం కూడా. దోమల మందు మరిచిపోకు, డెంగీ ఉంది.

జవాబు: కౌలాలంపూర్ నుంచి

అక్క చెప్పింది బాగుంది. కానీ ఒక్కసారైనా పెద్ద అడవి చూడాలి కదా. సెమిస్టర్ మధ్యలో మీకు ఒక వారం రీసెస్ ఉంటుంది. అప్పుడు మలేసియాలో తామాన్ నెగారాకు రండి. కువాలా తెంబెలింగ్ దగ్గర పడవ ఎక్కితే నది మీద దాదాపు మూడు గంటల ప్రయాణం, కువాలా తహాన్‌లో దిగుతారు. రాత్రిపూట ఆ అడవి చప్పుడు వింటూ పడుకోవడం సింగపూర్‌లో దొరకదు. జలగలు పట్టుకుంటాయి, పొడవు సాక్సు తెచ్చుకోండి. రెండు రోజుల్లో చూసొచ్చేది కాదు, అందుకే రీసెస్ వారం అంటున్నాను. ముందే వీసా నిబంధనలు చూసుకోండి.

హనుమకొండ అమ్మాయి

అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. మొసళ్ల దగ్గర కొంచెం ఆగింది గానీ, చివరికి సరే అంది. నాన్న తన బైనాక్యులర్స్ ఇస్తానన్నారు. పులావ్ ఉబిన్ దీవి గురించి కూడా చాలామంది చెప్తున్నారు. దానికి ఒక రోజు కేటాయించొచ్చా?

తాళ్లరేవు అక్క

తప్పకుండా. చాంగీ పాయింట్ జెట్టీ దగ్గర చిన్న పడవలు ఉంటాయి, పన్నెండు మంది నిండితే కదులుతాయి. పది పదిహేను నిమిషాల్లో దిగుతావు. డబ్బు చిల్లరగా పెట్టుకో. దిగిన చోటే సైకిళ్లు అద్దెకిస్తారు. బ్రేకులు పట్టి చూసి తీసుకో, దారిలో పెద్ద దిగుడు ఉంది. తూర్పు కొసన చెక్ జావా అనే తీరం ఉంది. 2001లో దాన్ని పూడ్చి భూమి చేద్దామనుకున్నారు, జనం గొడవపెట్టాక ఆపేశారు. అక్కడికి పాటు అర మీటరు కన్నా తక్కువున్న రోజే వెళ్లు, లేకపోతే నీళ్లు తప్ప ఏమీ కనపడవు.

ఆగస్టులో మొదటిసారి సుంగే బులో వెళ్లినప్పుడు పిట్టలు తక్కువగా ఉంటాయి, నిరాశపడకు. సెప్టెంబరు రెండో వారం నుంచి చూడు, వారం వారం పెరుగుతుంటాయి. తేదీ, పోటు వేళ, ఎన్ని పిట్టలు కనిపించాయో ఒక నోటుబుక్కులో రాసుకో. జనవరిలో ఆ బుక్కు తీసుకుని మా ఊరు రా. కోరంగిలో అప్పుడు పిట్టలు బాగా ఉంటాయి. తాతయ్యే పడవ మాట్లాడతారు.