మూలపడ్డ సోర్‌డో స్టార్టర్: ఎండాకాలంలో మొదటి ఫీడే 1:5:5 పెట్టాలా?

పుల్లట్టు: ఫ్రిజ్‌లో రెండు నెలలు ముట్టని సోర్‌డో స్టార్టర్ (బ్రెడ్ పులియబెట్టడానికి దాచుకునే పులిసిన పిండి). పైన నల్లటి నీళ్లు, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. వంటింట్లో మధ్యాహ్నం 36 డిగ్రీలు. ఫీడ్‌కి, అంటే కొత్త పిండీ నీళ్లూ కలపడానికి, స్టార్టర్, పిండి, నీళ్లు తూకంలో 1:1:1 సరిపోతుందా, మొదటినుంచే 1:5:5 ఇవ్వాలా?

తూకంరాయి: 1:5:5. ఈ వేడికి 1:1:1 పెడితే మూడు గంటల్లో తిండి అయిపోయి, పూటంతా పస్తే. పైగా కొత్త కలుపులో మూడో వంతు పాత పులుపే. అంత పులుపులో ఈస్ట్ తేరుకోదు.

గోధుమరవ్వ: మూడు గంటల లెక్క ఆరోగ్యంగా ఉన్న స్టార్టర్‌దండీ. రెండు నెలలు పస్తున్నదాన్లో ఈస్ట్ ఎంత మిగిలిందని? ఒకేసారి పదకొండో వంతుకి పలచన చేస్తే, బూజునీ అడ్డమైన బ్యాక్టీరియానీ ఇన్నాళ్లూ ఆపిన పులుపు కూడా పోతుంది. నల్లనీళ్లు వంపేసి, పై పొర గీకి పారేసి, అడుగునుంచి 10 గ్రాములు తీయండి. గోధుమపిండి 10, మైదా 10, కాచి చల్లార్చిన నీళ్లు 20. సీసాకి పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేసి చూడండి. రెట్టింపు పొంగిన తర్వాతే 1:5:5. గులాబీ, నారింజ రంగు చారలు గానీ, నూగు బూజు గానీ కనబడితే మాత్రం ఈ చర్చే అనవసరం, సీసాతో సహా పారేయడమే.

తూకంరాయి: మొదటి ఫీడ్ వరకు ఒప్పుకుంటా. కానీ వేడి సంగతి వదిలేశారు. సోర్‌డోలో తరచూ ఉండే కజాక్‌స్టానియా హ్యూమిలిస్ అనే ఈస్ట్‌కి 27 డిగ్రీల దగ్గర ఊపు, 36కి ఎదుగుదల ఆగుతుంది. లాక్టిక్ బ్యాక్టీరియాకి 32 హాయి. అంటే ఆ వంటింట్లో పులుపు పెరుగుతుంది గానీ పొంగు రాదు. మే నెల ఇడ్లీపిండిని చూడట్లేదూ?

గోధుమరవ్వ: అన్ని సీసాల్లో ఆ ఈస్టే ఉండదు. సాకరోమైసిస్ (బేకరీ ఈస్ట్ రకం) ఉంటే 36ని తట్టుకుంటుంది. అయినా చల్లగా ఉంచాలన్నది నిజమే.

మట్టిమూకుడు: తడిగుడ్డ చుట్టి నీళ్లు పోసిన మూకుట్లో పెట్టడం తెలంగాణ పొడి ఎండకి పనిచేస్తుంది. కోస్తా ఉక్కపోతలో గుడ్డ ఆరదు, సీసా చల్లబడదు. అక్కడ థర్మాకోల్ పెట్టెలో తువ్వాలు చుట్టిన ఐస్ బాటిల్ పెట్టి, థర్మామీటర్‌తో 26–28 చూసుకోండి. లేస్తున్నాక గట్టిముద్దకి మారండి: స్టార్టర్ 10, మైదా 50, నీళ్లు 27. నీళ్లు తగ్గితే పులియడం నెమ్మదిస్తుంది.

పుల్లట్టు: ఫీడ్ పెట్టేముందు తీసేసిన పాత పిండి దోసెల్లో కలపొచ్చా?

గోధుమరవ్వ: రిమూవర్ వాసన పోయాక నిక్షేపంగా. అందాకా సింకులో కాదు, చెత్తబుట్టలో వేయండి. పైపులో గట్టిపడితే ప్లంబరే దిక్కు.