‘గట్టెక్కించడం’, ‘గాడిలో పెట్టడం’: వ్యాపారాలను ఆదుకునే షోలకి ఏ మాట?

ప్రశ్న

నష్టాల్లో ఉన్న హోటల్‌కో బార్‌కో ఒక నిపుణుడు వచ్చి బాగుచేసే రియాలిటీ షోల తెలుగు ఉపశీర్షికల గురించి అడుగుతున్నాను. ‘టర్న్‌అరౌండ్’ వచ్చిన ప్రతిచోటా ‘గట్టెక్కించడం’ అని రాస్తున్నారు. ‘ఫెయిలింగ్ బిజినెస్’ అంటే ‘దివాలా తీసిన వ్యాపారం’, ‘డ్రామా’ అంటే ‘నాటకం’. మూడూ అతకడం లేదు. ‘గాడిలో పెట్టడం’ నయమా? మాట తెలిసినవాళ్లూ, ఆ షోల తీరు తెలిసినవాళ్లూ, వ్యాపారం లెక్కలు తెలిసినవాళ్లూ చెప్పండి.

నిఘంటువు పని చేసేవారి జవాబు

గట్టు అంటే ఏటి ఒడ్డు, చేలో అయితే మట్టి కట్ట. నీళ్లలో ఉన్నవాణ్ని చెయ్యిచ్చి పైకి లాగితే గట్టెక్కించినట్టు. అక్కడితో ఆ పని అయిపోతుంది. పెళ్లి గట్టెక్కింది, పరీక్ష గట్టెక్కింది అంటాం గానీ రోజూ చేసే పనికి ఆ మాట వాడం.

గాడి వేరు. గాడిపొయ్యి అనే మాటలో ఉన్న గాడే అది, పొడుగ్గా తవ్విన పల్లం. బండి చక్రం పదేపదే తిరిగి చేసుకున్న దారి. ‘గాడిలో పడింది’ అంటే ఇక ఎవరూ తొయ్యకపోయినా ఆ దారినే పోతుందని, ‘గాడి తప్పింది’ అంటే బండి ఇంకా కదులుతున్నా దారి చెడిందని. నష్టాల్లో ఉన్న కొట్టుకి సరిగ్గా సరిపోయే వర్ణన ఇదే, ఎందుకంటే అది ఆగిపోలేదు, తప్పు దారిలో నడుస్తోంది.

‘డ్రామా’కి ‘నాటకం’ అసలు వద్దు. ‘నాటకాలాడకు’ అనే వాడుక వల్ల తెలుగులో అది మోసమనే అర్థానికి జారిపోయింది. షోలో నాటకం ఉందని రాస్తే అంతా కల్పితమని ఆరోపించినట్టే. రంగస్థలం నుంచే వచ్చిన మంచి మాట మనకుంది: రక్తి. సన్నివేశం రక్తికట్టింది అంటాం, దాంట్లో నింద లేదు. ఈ షోల గురించి మాట్లాడేటప్పుడు ‘డ్రామా’కి ఎదురుగా నిలబెట్టే ‘సబ్‌స్టెన్స్’కి సారం, విషయం అనొచ్చు గానీ ‘మనిషిలో సరుకుంది’ అన్నప్పటి సరుకు ఇక్కడ ఇంకా బాగా పలుకుతుంది. రక్తి ఎంత, సరుకు ఎంత అని అడిగితే ప్రశ్న తెలుగులోనే పుట్టినట్టుంటుంది.

ఈ షోలను వరుసగా గమనించేవారి జవాబు

రక్తి, సరుకు అనే జంట చాలా బాగుంది. దాన్నే పట్టుకుని చెప్తాను.

2011లో అమెరికాలో మొదలైన ‘బార్ రెస్క్యూ’లో బార్లను బాగుచేసే నిపుణుడు జాన్ టాఫర్ వరస దాదాపు ప్రతిసారీ ఒకటే. ముందు కెమెరాలు పెట్టి, తన మనుషుల్ని గిరాకీలుగా పంపి చూస్తాడు. తర్వాత యజమానితో వాగ్వాదం, సిబ్బందికి శిక్షణ. ఆ పైన ‘స్ట్రెస్ టెస్ట్’, అంటే బార్‌ని ఒక్కసారిగా జనంతో నింపి ఏమవుతుందో చూడటం. ఆఖర్న ఒకటి రెండు రోజుల్లో కొత్త అలంకరణ, పునఃప్రారంభం.

వీటిలో సరుకెక్కువ ఉన్నది స్ట్రెస్ టెస్టులో. అరుపులూ గందరగోళం చూసి అది ఉత్త రక్తి అనుకుంటాం. కానీ మామూలు రోజున పదిమంది వచ్చినప్పుడు బయటపడని తప్పు అక్కడ పడుతుంది. బిల్లు కొట్టే మిషన్ ఒక్కటే ఉంటే ముగ్గురు సర్వర్లు దాని ముందు వరస కడతారు. ఐసు పెట్టె కౌంటర్‌కి అవతలి చివర ఉంటే ప్రతి గ్లాసుకీ నాలుగడుగులు. పని ఎక్కడ ఆగుతోందో కళ్లముందే కనిపిస్తుంది. దీన్ని ‘ఒత్తిడి పరీక్ష’ అని రాస్తే చూసేవాడు మనసు మీది ఒత్తిడి అనుకుంటాడు. ‘రద్దీ పరీక్ష’ అనండి.

అలంకరణ మార్చడం మాత్రం అచ్చంగా గట్టెక్కించడమే. ముందూ తర్వాతా పక్కపక్కన చూపించొచ్చు కాబట్టి తెరకి అది ముద్దు.

హోటళ్లను బాగుచేసే బ్రిటిష్ వంట నిపుణుడు గోర్డన్ రామ్సే షో రెండు రూపాలూ పోల్చి చూడండి. 2004లో బ్రిటన్ చానెల్ 4లో వచ్చినదాంట్లో కథనం ఆయన గొంతులోనే నడుస్తుంది, వంటగదిలో నేర్పే పనికి సమయం ఉంటుంది. 2007 నుంచి అమెరికా చానెల్ ఫాక్స్‌లో వచ్చిన ‘కిచెన్ నైట్‌మేర్స్’లో సంగీతం పెరిగింది, గొడవని విరామం ముందు ఆపి విరామం తర్వాత మళ్లీ చూపించే పద్ధతి వచ్చింది. గంట కార్యక్రమంలో ప్రకటనలు పోను మిగిలేది 42–44 నిమిషాలు. అందులో గొడవని రెండుసార్లు చూపిస్తే కోత పడేది లెక్కలకే.

అలాగని రక్తికట్టించడాన్ని కల్పించడం అనకూడదు. బ్రిటిష్ షోలో దృశ్యాలు కల్పించారని రాసిన లండన్ పత్రిక 2006లో రామ్సేకి 75 వేల పౌండ్ల పరువునష్ట పరిహారం చెల్లించింది. కూర్పు, కల్పన వేర్వేరు మాటలు. ఉపశీర్షిక రాసేవారికి ఆ తేడా ప్రాణం.

ఈ కోవలో పాతది, నా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీ ఉన్నది, 1990 నాటి బీబీసీ ‘ట్రబుల్‌షూటర్’. రసాయనాలు తయారుచేసే పెద్ద బ్రిటిష్ కంపెనీ ఐసీఐకి అధ్యక్షుడిగా పనిచేసి వచ్చిన సర్ జాన్ హార్వీ-జోన్స్ మాల్వెర్న్‌లోని మోర్గాన్ కార్ల కంపెనీకి వెళ్లాడు. కారు బుక్ చేసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. ఉత్పత్తి పెంచండి, పద్ధతులు మార్చండి అన్నాడాయన. యజమానులు ఆ సలహా తీసుకోలేదు. కంపెనీ మునగలేదు, 2019లో ఒక ఇటాలియన్ పెట్టుబడి సంస్థ అధిక వాటా కొనేదాకా ఆ కుటుంబం చేతిలోనే నడిచింది. అక్కడ గట్టెక్కించడమూ లేదు, గాడిలో పెట్టడమూ లేదు. ఏది గాడి అన్న దాని మీదే ఇద్దరికీ పేచీ. ఎవరూ ఏడవకుండానే రక్తికట్టింది.

ఖాతాలు చూసేవారి జవాబు

‘దివాలా’ సంగతి నేను చెప్తాను. మన వ్యాపారుల నోట ఈ మాటలకి మెట్లున్నాయి, కలపకూడదు.

గిరాకీ తగ్గితే ‘కొట్టు నడవట్లేదు’. నష్టమొస్తున్నా ఆపకపోతే ‘ఈడ్చుకొస్తున్నాడు’. బాకీలు కట్టలేనంటే ‘చేతులెత్తేశాడు’. కోర్టుకెళ్లి కట్టలేనని చెప్పుకుంటే ‘ఐపీ పెట్టాడు’, ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్నది 1920 నాటి చట్టం రోజుల నుంచి అలా నోళ్లలో నలిగింది. జనం డబ్బుతో మాయమైతే ‘బోర్డు తిప్పేశాడు’. ఈ షోల్లోకి వచ్చేవాళ్లు ఎక్కువగా రెండో మెట్టు మీద ఉంటారు. వాళ్లని ‘దివాలా తీసిన’ అనడం తప్పు, ‘బోర్డు తిప్పేసిన’ అనడం అన్యాయం.

ఇక తెరమీద పది సెకన్లలో పోయే లెక్కలు. 750 మిల్లీలీటర్ల సీసా, గ్లాసుకి 44 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే 17 గ్లాసులు వస్తాయి. కొలత లేకుండా చేతికొచ్చినట్టు 60 పోస్తే పన్నెండున్నర. అంటే సీసాకి నాలుగున్నర గ్లాసుల అమ్మకం గాల్లో పోయినట్టు. టాఫర్ కొలత గ్లాసు పట్టుకుని అరిచేది దీనికే. ఆ అరుపు పక్కన 17, పన్నెండున్నర అనే అంకెలు లేకపోతే అతను కోపిష్ఠిగా మాత్రమే కనిపిస్తాడు.

రామ్సే మెనూ కుదించమనేదీ అంతే. అరవై వంటకాలుంటే అరవైకీ సరుకు నిల్వ ఉండాలి. కదలనిది ఫ్రిజ్‌లో పాడవుతుంది, లేదా పాడవకముందే ఫ్రీజర్‌లోకి పోయి రుచి చెడుతుంది. పదిహేనుకి తగ్గిస్తే కొనేది తగ్గుతుంది, తాజాగా ఉంటుంది, వంటవాడి చెయ్యి తిరుగుతుంది. ఒక్క ఫ్రిజ్ తెరిచి చూపించడంలో రక్తీ సరుకూ రెండూ దొరుకుతాయి.

తెరకి ఎక్కనిది రొటేషన్, అంటే పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావడం. నెలకి 8 లక్షల సరుకు అప్పుకి తెచ్చి 15 రోజుల్లో కట్టాలి, అమ్మిన డబ్బు 60 రోజులకి వసూలవుతుంది అనుకోండి. నడుమ 45 రోజులు, అంటే 12 లక్షలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటాయి. చిట్టాలో లాభం కనిపిస్తుంది, గల్లాపెట్టెలో రొక్కం ఉండదు. అమ్మకం పెరిగేకొద్దీ ఈ గుంట ఇంకా లోతవుతుంది. అమెరికా వ్యాపారి మార్కస్ లెమోనిస్ 2013లో సీఎన్‌బీసీలో మొదలుపెట్టిన ‘ద ప్రాఫిట్’లో తన సొంత డబ్బు పెట్టి వాటా తీసుకుంటాడు కాబట్టి ఇలాంటి ప్రశ్నలు అడగక తప్పదు. అయినా అక్కడ గుర్తుండేది చెక్కు రాసిచ్చే దృశ్యమే. చెక్కు గట్టెక్కిస్తుంది. వసూలు గడువు 60 నుంచి 30కి తేవడం గాడిలో పెడుతుంది.

‘క్యాష్ ఫ్లో’కి ‘నగదు ప్రవాహం’ పుస్తకాల్లో ఉంది, కొట్లో ఎవరూ అనరు. ‘డబ్బు రొటేషన్ కావట్లేదు’ అంటే చూసేవాడికి వెంటనే అందుతుంది.

ప్రశ్న వేసినవారు

చాలా ఉపయోగం. మరి ‘యు ఆర్ బ్లీడింగ్ క్యాష్’ అన్నదాన్ని ‘డబ్బు రక్తంలా కారుతోంది’ అని చూశాను. ఎపిసోడ్ చివర తెరమీద పడే అక్షరాల కార్డులో ‘ద బిజినెస్ ఈజ్ థ్రైవింగ్’ని ‘వర్ధిల్లుతోంది’ అన్నారు. వీటికేం రాయాలి?

నిఘంటువు పని చేసేవారు

మొదటిదానికి ‘డబ్బు నీళ్లలా పోతోంది’. ఉపశీర్షికకి ఉండే రెండు వరసల్లో ఇట్టే పడుతుంది.

ఖాతాలు చూసేవారు

చివరి కార్డు విషయంలో మాత్రం జాగ్రత్త. చిత్రీకరణ అయిన కొన్ని నెలలకి తలుపులు తెరిచే ఉన్నాయని మాత్రమే చెప్తుంటే ‘నడుస్తోంది’ చాలు. అమ్మకాలో లాభమో అంకెతో చెప్తే ‘పుంజుకుంది’. పాత అప్పు తీరిందని కూడా ఉంటేనే ‘నిలదొక్కుకుంది’. ‘వర్ధిల్లుతోంది’ దీవెనకి వాడే మాట, దాన్ని అక్కడే ఉంచండి.