మేడ మీద మ్యాచ్ వేయాలంటే ఏమేం కావాలి? ప్రొజెక్టర్, తెర, డిష్, కరెంటు

వాల్తేరు_మేడ:
విశాఖ పెదవాల్తేరులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మేడ మీద నలభై మంది దాకా కూర్చుని మ్యాచ్ చూసేలా ఏర్పాటు చేయాలి. మెట్ల గది గోడ తొమ్మిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. డిష్ మేడ మీదే ఉంది. వైఫై రెండో అంతస్తులో, పైకి అందదు. అన్నీ కలిపి ముప్పై వేలు. ఎక్కువగా రాత్రి 7:30 ఐపీఎల్, తెలుగు టైటాన్స్ కబడ్డీ, మన ఊళ్ళో వన్డే పడితే అది. కింద వీధి దీపం ఉంది, అదొక భయం. ప్రొజెక్టర్ పేరొక్కటే కాదు, మిగతా సరంజామా కూడా చెప్పండి.

ల్యూమెన్_లెక్క:
డబ్బా మీద 9000, 12000 అని వేసే ల్యూమెన్లు లోపలి ఎల్‌ఈడీ ఇచ్చే వెలుగు. అద్దాలన్నీ దాటి తెర మీద పడేది అందులో చాలా కొంచెం. ‘ఆన్సీ ల్యూమెన్లు’ అన్న మాట పక్కన ఉన్న అంకే అంకె. ఆ మాట ఎక్కడా లేదంటే ఆ సరుకు వదిలేయండి.

వంద అంగుళాల బొమ్మ అంటే 221 సెంటీమీటర్ల వెడల్పు, 125 ఎత్తు. దాదాపు 2.8 చదరపు మీటర్లు. 400 ఆన్సీ ప్రొజెక్టర్ దాని మీద 145 లక్సుల (చదరపు మీటరుకి పడే ల్యూమెన్లు) వెలుగు వేస్తుంది. బయటి వెలుగు 10 లక్సులు పడితే నలుపు బూడిద రంగులోకి దిగుతుంది గానీ మ్యాచ్ చూడొచ్చు. 30 లక్సులు పడిందా, తెల్లబంతి గాల్లోకి లేచాక జనంలో కలిసిపోతుంది. మీ డబ్బుకి 400 నుంచి 500 ఆన్సీ, అసలు రిజల్యూషన్ 1080పీ ఉన్నది చూడండి. ‘4కే సపోర్ట్’ అంటే 4కే సిగ్నల్ ఇస్తే తీసుకుంటుందని మాత్రమే. 720పీలో స్కోరు పట్టీ అక్షరాలు వెనక వరసకి అలికేసినట్టుంటాయి.

వీధి దీపం గురించి కంగారు పడొద్దు. మీది ఐదో అంతస్తు పైన మేడ, దీపం స్తంభం అంత ఎత్తుండదు. వెలుగు కింది నుంచి వస్తుంది కాబట్టి పిట్టగోడే ఆపేస్తుంది. అసలు శత్రువు పక్క బిల్డింగు బల్బు. రాత్రి ఎనిమిదింటికి గోడకి ఒక అడుగు దూరంలో అరచెయ్యి పెట్టి చూడండి. నీడ అంచు స్పష్టంగా పడితే ఏదో ఒక బల్బు నేరుగా కొడుతోందన్నమాట. నీడ ఎటు జరిగితే దానికి ఎదురు దిక్కున వెతకండి.

ఫ్లెక్స్_బాబాయ్:
తెరకి ఫ్లెక్స్ బ్యానర్ చాలు. ప్రింటింగ్ షాపులో ఖాళీ తెల్ల ఫ్లెక్స్ 8 అడుగులకి 5 అడుగులు కోయించి, చుట్టూ అడుగుకో కన్నం వేయించండి. మెరిసే వైపు వెనక్కి, మసక వైపు ముందుకి. తిరగేసి కడితే మధ్యలో టార్చిలైటు వేసినట్టు ఓ మచ్చ మెరుస్తూ ఉంటుంది. దుప్పటి మాత్రం వద్దు, సగం వెలుగు వెనక్కి పోతుంది.

గోడే_తెర:
బాబాయ్, వేరే ఊళ్ళో అయితే సరే. సముద్రానికి ఇంత దగ్గర్లో ఐదంతస్తుల పైన ఫ్లెక్స్ అంటే తెరచాప కట్టినట్టే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? గంటకి 30 కిలోమీటర్ల గాలికే వంద అంగుళాల తెర మీద దాదాపు 13 కిలోల ఒత్తిడి పడుతుంది. గాలి 45కి పెరిగితే అది దాదాపు 30 కిలోలవుతుంది, ఎందుకంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. జీఐ పైపు స్టాండు పడిపోతే ముందు వరసలో కూర్చున్న పిల్లల మీదే పడుతుంది.

మీకు గోడ ఉంది, దాన్నే తెర చేయండి. 7 అడుగుల 3 అంగుళాల వెడల్పు, 4 అడుగుల 1 అంగుళం ఎత్తు, అంటే 30 చదరపు అడుగులు. పాత రంగు ఊడేదంతా గీకి, వైట్ సిమెంట్ లప్పం మూడు కిలోలు, రెండు పూతలు. మామూలు ఆక్రిలిక్ లప్పం ఇంటి లోపలికే. బయట వానకి ఉబ్బి రేకులుగా లేస్తుంది. ఆరాక 180 నంబరు ఎమిరీ పేపరుతో రుద్దండి. రుద్దడం సరిపోయిందో లేదో తెలియాలంటే చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైటు గోడకి ఆనించి పక్కవాటుగా వేయండి. తాపీ గీతలన్నీ నీడలుగా కనపడతాయి. పగలు నున్నగా కనిపించిన గోడే రాత్రి ఇలా చూస్తే అలలు అలలుగా ఉంటుంది. ఆ నీడలు పోయేదాకా రుద్దాలి. తర్వాత ప్రైమరు, ఆపైన మెరుపు లేని తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలు, అర లీటరు సరిపోతుంది. చుట్టూ మూడంగుళాల నల్ల పట్టీ వేస్తే బొమ్మ తేటగా కనపడుతుంది.

కింది అంచు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. ముందు నాలుగు వరసలు చాపలు, వెనక కుర్చీలు.

ఫ్లెక్స్_బాబాయ్:
గోడ ఉన్నవాళ్ళకి మీ మాటే కరెక్టు. లేనివాళ్ళ కోసం చెప్తున్నా: తెర పై అంచుని గట్టి తాడుతో, కింది అంచునీ పక్కల్నీ ఎలాస్టిక్ తాడుతో కట్టండి. గాలి వచ్చినప్పుడు కింది భాగం సాగి గాలిని వదిలేయాలి. అన్నీ నైలాన్ తాడుతో బిగిస్తే కన్నాల దగ్గరే చిరుగుతుంది. స్టాండు ఒక్కో కాలికి 20 కిలోల ఇసక బస్తా. పిట్టగోడ బయటికి వంగి కట్టే పని ఎవరూ చేయొద్దు.

డిష్_వైరు:
యాప్‌లో లైవ్ అంటే అరనిమిషం దాకా వెనకబడి ఉంటుంది. కింద అంతస్తులో డిష్ మీద చూసేవాళ్ళు వికెట్ పడిందని అరుస్తారు, మేడ మీద బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టడు. నలభై మంది కూర్చున్నప్పుడు ఆ మజా పోతే ఇక ఎన్ని ల్యూమెన్లుంటే ఏటి లాభం? డిష్ మేడ మీదే ఉంది కాబట్టి సెట్‌టాప్ బాక్సే పైకి తెచ్చేయండి.

పద్ధతి ఇదీ. ముందు బాక్సు ప్లగ్గు తీయండి, ఆ తర్వాతే కేబుల్ విప్పండి. ఆ కేబుల్లో డిష్ తలకి 13, 18 వోల్టుల కరెంటు వెళ్తుంటుంది, నడుస్తుండగా విప్పితే షార్ట్ అవుతుంది. ఇంట్లో బాక్సు కదపకూడదనుకుంటే రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే ఆ తల) వేయించి రెండో కేబుల్, రెండో బాక్సు పెట్టుకోవాలి. కేబుల్ టీవీ స్ప్లిట్టర్ వేస్తే రెండు బాక్సులూ ఒకదానితో ఒకటి కొట్టుకుని సగం ఛానళ్ళు పోతాయి.

విశాఖలో ఎక్కువగా పోయేది ఎల్‌ఎన్‌బీ కాదు, దాని కింద బిగించే ఎఫ్ కనెక్టర్. ఉప్పు గాలికి మధ్య రాగి తీగ పచ్చబడుతుంది. మబ్బు పట్టిన రోజు ముందుగా గడులు గడులుగా విరిగేది అలాంటి ఇళ్ళల్లోనే. పచ్చబడిన ముక్క అంగుళం కోసి, కొత్త కనెక్టర్ వేసి, లోపల చిటికెడు సిలికాన్ గ్రీజు, పైన తనంతట తను అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. మామూలు నల్ల టేపు ఎండకి జిగురు కారి వదిలేస్తుంది.

ఇంకోటి. మన ప్రసారాలు 50 హెర్ట్జ్. చాలా ప్రొజెక్టర్లు, యాప్‌లు నడిపే స్టిక్కులు 60లో నడుస్తాయి. బంతి వెంట కెమెరా తిరిగినప్పుడు బొమ్మ చిన్న చిన్న కుదుపులతో పోతుందంటే కారణం అదే. బాక్సు సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ 50 హెర్ట్జ్ పెట్టండి. స్టిక్కులో అయితే ఫ్రేమ్ రేట్ మ్యాచ్ చేసే ఆప్షన్ ఆన్ చేయండి.

మధురవాడ_గేటు:
మధురవాడ క్రికెట్ స్టేడియం దగ్గర ఇళ్ళవాళ్ళకి ఇంకో లెక్కుంది. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది. స్టేడియానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే అరుపు ఆరు సెకన్లకి వినపడుతుంది. డిష్ బొమ్మ కూడా కొద్ది సెకన్ల తేడాతోనే వస్తుంది కాబట్టి రెండూ దాదాపు కలిసే వస్తాయి. యాప్ పెడితే మాత్రం ప్రతి సిక్సూ ముందే తెలిసిపోతుంది. కొమ్మాది, పీఎం పాలెం వైపు మేడల మీద డిష్ తప్ప వేరే దారి లేదు.

మన ఊళ్ళో వన్డేకి ఇలా చేయండి: మొదటి ఇన్నింగ్స్ ఇంట్లో టీవీలో, రెండోది మేడ మీద. మనకి సూర్యుడు ముందే కుంకుతాడు. అక్టోబరు రెండో వారంలో 5:40కే అస్తమయం. 2025 మహిళల వరల్డ్ కప్ మ్యాచ్‌లు ఇక్కడ మూడింటికి మొదలయ్యాయి. అక్టోబరు 12న మన మీద ఆస్ట్రేలియా 331 ఛేదించిందంటే, ఆ ఛేజంతా చీకట్లోనే. మధ్యాహ్నం 3:30 ఐపీఎల్ మ్యాచ్ మాత్రం ప్రొజెక్టర్ మీద ఆశ పెట్టుకోకండి. ఎండలో ఏ ప్రొజెక్టరూ నిలవదు.

వాల్తేరు_మేడ:
డిష్ ఖాయం. యాప్‌లోనే వచ్చే మ్యాచ్‌లకి వైఫై పైకి ఎలా తేవాలి? స్పీకరు బ్లూటూత్‌ది ఉంది, సరిపోతుందా?

డిష్_వైరు:
స్లాబు దాటించడానికి రిపీటర్లు పెట్టొద్దు. రూటర్ నుంచి అవుట్‌డోర్ క్యాట్‌6 కేబుల్ ఒకటి షాఫ్టులోంచి పైకి లాగండి, ముప్పై మీటర్ల లోపే ఉంటుంది. 1080పీకి 10 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. ఫోన్ హాట్‌స్పాట్ లీగ్ మ్యాచ్‌కి లాగుతుంది గానీ, ఫైనల్ రోజు టవరు మీద అందరూ ఒకేసారి పడితే బొమ్మ ఆగిపోయి చక్రం తిరగడమే. హెచ్‌డీఎంఐ కేబుల్ పది మీటర్లు దాటనివ్వకండి.

మెల్లగా_వినండి:
బ్లూటూత్ వద్దు. సుమారు ఐదో వంతు సెకను ఆలస్యంతో శబ్దం వస్తుంది. బంతి బ్యాటుకి తగిలి వెళ్ళిపోయాక ‘టక్’ అంటుంది, ఎడ్జ్ తగిలిందా లేదా అన్న దగ్గర మరీ చిరాకు. 3.5 ఎంఎం వైరుతో కలపండి.

పెద్ద స్పీకరు ఒకటి పెట్టి గట్టిగా పెంచడం కంటే చిన్నవి నాలుగు జనం మధ్యలో, రెండు మీటర్లకొకటి, మెల్లగా పెట్టండి. వెనక వరసకి తెలుగు కామెంటరీ వినపడుతుంది, పక్క వీధికి వినపడదు. రాత్రి పది దాటితే బయట లౌడ్‌స్పీకరు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, అంటే మామూలుగా మాట్లాడుకునే గొంతు కంటే తక్కువే. 7:30 మ్యాచ్ పదకొండు దాటాక గానీ అవదు. కాబట్టి పది దాటాక మిగిలిన ఓవర్లన్నీ సౌండ్ పూర్తిగా ఆపేసి చూడటానికి ముందే అందరినీ ఒప్పించండి. పరీక్షల రోజుల్లో కింద పిల్లలు చదువుకుంటుంటారు, ఇది చిన్న విషయం కాదు.

ఇన్వర్టర్_సుబ్బరంగా:
కరెంటు. ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ 120 వాట్లు, బాక్సు 15, స్పీకర్లు 40. మొత్తం 175. 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్‌అవర్లు. పూర్తిగా పిండకూడదు కాబట్టి 70 శాతం, ఇన్వర్టర్ తినేది పోను చేతికి వెయ్యి వస్తాయి. అంటే అయిదున్నర గంటలు. టీ20కి నాలుగు గంటలు చాలు. బ్యాటరీ మూడేళ్ళు దాటినదైతే సగమే లెక్కేసుకోండి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితేనే కలపండి, పాత స్క్వేర్ వేవ్ దానికి స్పీకర్లో గుయ్యిమని మోత వస్తుంది.

మేడ మీదికి త్రీకోర్ 1.5 స్క్వేర్ ఎంఎం కేబుల్, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, వెనకాల 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి). జంక్షన్ బాక్సు ఇటుక మీద పెట్టండి, నేల మీద కాదు. ఎవరో ఒకరు నీళ్ళ సీసా తన్నేస్తారు. ఏప్రిల్, మేలో ఉరుము వినపడిందంటే వైర్లేవీ ముట్టుకోకుండా అందరూ కిందికి దిగిపోవడమే. ఆఖరి ఓవరైనా సరే.

ఉప్పుగాలి:
అందరూ కొనేదాకా చెప్పారు, కొన్నాక సంగతి నేను చెప్తాను. ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే లెన్సుకి చెమట పడుతుంది. గుడ్డతో తుడిస్తే ఉప్పు, ధూళి కలిసి గీతలు పడతాయి. సంచి జిప్పు తీయకుండా ముప్పావుగంట ముందే మేడ మీద పెట్టండి. లోపలి వేడి బయటితో సమానమయ్యాక తీస్తే తేమ పట్టదు.

కొనేటప్పుడే ‘సీల్డ్ ఆప్టికల్ ఇంజిన్’ అడగండి. తెరిచి ఉన్న రకంలో ఫ్యాను లాగిన ధూళి లోపలి ప్యానెల్ మీద కూర్చుని బొమ్మలో మసక మచ్చలు వేస్తుంది, బయటి నుంచి ఎంత తుడిచినా పోదు. జ్ఞానాపురం, పాతపట్నం వైపు నల్ల ధూళి ఉన్నచోట ఇది మరీ ముఖ్యం. తొలకరి పడ్డాక ఉసిళ్ళు వెలుగుకి వచ్చి ఫ్యాను నోట్లో పడతాయి. గాలి లోపలికి లాగే కిటికీకి దోమతెర ముక్క కట్టండి. ఒక్క పొర చాలు, రెండు పొరలైతే గాలాడక వేడెక్కి ఆగిపోతుంది.

అయ్యాక ఫ్యాను ఆగేదాకా ఆగి, ప్లాస్టిక్ డబ్బాలో 100 గ్రాముల సిలికా జెల్‌తో మూసేయండి. నారింజ రంగు గింజలు పచ్చబడితే 110 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. వైర్ల కొసలు నెలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో తుడవండి.

కూత_పట్టు:
కబడ్డీకి మీరింత భయపడక్కర్లేదు. కెమెరా పెద్దగా తిరగదు, మ్యాట్ వెలుగ్గా ఉంటుంది, ఆట నలభై నిమిషాలు. కొత్తగా పెట్టినప్పుడు మొదట టైటాన్స్ మ్యాచ్ వేసి చూసుకోండి. సౌండూ, కూర్చునే వరసలూ అన్నీ సర్దుకుంటాయి.

ల్యూమెన్_లెక్క:
ఒకటి మర్చిపోయాను. త్రో రేషియో (గోడకి దూరం బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.25 అయితే వంద అంగుళాలకి ప్రొజెక్టర్ గోడకి 2.75 మీటర్ల దూరంలో, అంటే తొమ్మిదడుగుల దగ్గర ఉంటుంది. జనం మధ్యలోకే వస్తుంది. బొమ్మ కింది అంచు ఎత్తులో స్టూలు మీద పెట్టి, చుట్టూ తాడు కట్టండి. కింద పెట్టి పైకి వంచి, కీస్టోన్‌తో (వంకర బొమ్మని చదరం చేసే సెట్టింగు) సరిచేస్తే 1080పీ కొన్నది వృథా, ఆ మేరకు పిక్సెళ్ళు పోతాయి.

వాల్తేరు_మేడ:
చెయ్యి పెట్టి చూశాను. నీడ గట్టిగానే పడింది. వీధి దీపం కాదు, పక్క అపార్ట్‌మెంట్ మెట్ల బల్బు. గోడకి సరిగ్గా ఎదురు.

గోడే_తెర:
ఆ బల్బుకి మీ వైపు అడ్డంగా జానెడు రేకు ముక్క కట్టనిమ్మని అడగండి. వాళ్ళ మెట్లకి వెలుగు తగ్గదు, మీ గోడ చీకటవుతుంది. అడగడానికి వెళ్ళినప్పుడే వాళ్ళని కూడా మ్యాచ్‌కి పిలవండి. చాపలు రెండు ఎక్కువ వేస్తే సరి.