వైట్‌హార్స్ నుంచి డాసన్ దాకా కనూలో: వెళ్లొచ్చా?

అందరికీ నమస్తే. కెనడాలోని యూకాన్‌లో వైట్‌హార్స్ వచ్చి నెలయింది. జూలైలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో యూకాన్ నదిలో డాసన్ ఊరి దాకా కనూలో (సన్నటి తెడ్డు పడవ) వెళ్దామనుకుంటున్నాం. చేపలు పట్టొచ్చా? రాపిడ్స్ (రాళ్ల మధ్య నీళ్లు ఉరికే చోట్లు) అంటే భయంగా ఉంది.

——

తమ్ముడూ, తప్పకుండా వెళ్లండి, కానీ మొదటిసారే డాసన్ దాకా వద్దు, అది 700 కిలోమీటర్ల పైమాట. కార్మాక్స్‌లో దిగిపోండి, అక్కడ రోడ్డు తగుల్తుంది, అదీ 300 దాటుతుంది, చాలు.

రాపిడ్స్ సంగతి తర్వాత, ముందు లాబార్జ్ సరస్సు గురించి విను. దాదాపు 50 కిలోమీటర్ల పొడవు, ప్రవాహం ఉండదు, మొత్తం మీరే తెడ్డేయాలి. మేం మొదటి ఏడాది అవతలి ఒడ్డు దగ్గర్లోనే ఉంది కదా అని నడిమధ్య నుంచి అడ్డంగా కొట్టాం, సగంలో గాలి లేచింది, అల మీద అల, కనూలోకి నీళ్లొచ్చేశాయి, ఎలాగో ఒడ్డుకి చేరాక లైఫ్ జాకెట్ క్లిప్ తీద్దామంటే వేళ్లు వంగలేదు, అంత చల్లటి నీళ్లు, అదీ జూలైలో. అందుకే ఒడ్డు పట్టుకునే పోండి, ఎంత టైమైనా పర్లేదు. ఆ నెలలో రాత్రి సరిగా చీకటి పడదు కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరి, గాలి లేవగానే ఒడ్డెక్కేయండి. లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి.

సరస్సు దాటాక నదిలో థర్టీ మైల్ అనే భాగం వస్తుంది, నీళ్లు పచ్చగా, అడుగున రాళ్లు కనిపిస్తాయి. గ్రేలింగ్ చేప అక్కడే, వీపు మీద తెరచాపలాంటి రెక్క ఉంటుంది, చిన్న స్పిన్నర్ (నీళ్లలో తిరిగే మెరుపు ఎర) చాలు. పైక్ చేప కావాలంటే ప్రవాహం లేని పాయల్లో చూడండి. లైసెన్స్ తీసుకోండి, ముల్లులేని గాలమే వాడాలి. చినూక్ సాల్మన్ జోలికి మాత్రం వెళ్లొద్దు, బాగా తగ్గిపోయాయి, 2024లో కెనడా, అలాస్కా కలిసి ఏడేళ్లు పట్టకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఇక్కడి ఫస్ట్ నేషన్స్ (ఆదివాసీలు) వాళ్లకి తరతరాల తిండి అది, వాళ్లే మానుకుంటున్నారు.

పులుసు పెట్టుకోండి గానీ టెంట్‌కి బాగా దూరంగా, ఎలుగులకి ఆ వాసన ఎక్కడికైనా అందుతుంది. బేర్ స్ప్రే (ఎలుగుల్ని తరిమే కారం స్ప్రే) నడుముకే ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఉండదు, శాటిలైట్ మెసెంజర్ అద్దెకి తీసుకోండి.

——

అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వచ్చే ఏడు డాసన్ వెళ్తే ఫైవ్ ఫింగర్ రాపిడ్స్‌లో కుడి పాయే పట్టండి, ముందునుంచే కుడికి జరగండి. వైట్ రివర్ కలిశాక నీళ్లు మన వరద గోదారిలా బురదమయం, కనూ అడుగున ఒండ్రు రాసుకుని సుయ్‌మంటూ వినిపిస్తుంది. తాగే నీళ్లు పక్క వాగుల్లో పట్టుకుని మరిగించుకోండి.