సామానుతో అరకు ఘాట్: టూరింగ్ సైకిల్‌లో కంపెనీ వేసిన పార్టులు సరిపోతాయా?

ప్రశ్న:
విశాఖ నుంచి ఎస్.కోట మీదుగా అరకు, అక్కణ్నుంచి జయపురం వెళ్లాలని ఉంది. నా బరువు 82 కేజీలు, వెనక బ్యాగులు, టెంటు కలిపి 18. చూసిన సైకిల్: క్రోమోలీ (ఒక రకం స్టీలు) ఫ్రేము, షిమానో సోరా గేర్లు 3x9 (ముందు 3, వెనక 9 పళ్లచక్రాలు), పళ్ల లెక్క ముందు 50/39/30, వెనక 11-34, 32 స్పోకుల చక్రాలు, 700x35 టైర్లు, కేబుల్ డిస్క్ బ్రేకులు. కొన్నప్పుడే ఏం మార్పించుకోవాలి?

జవాబు 1:
మొదట గేర్లు. ముందు 30, వెనక 34 పళ్ల మీద పెడల్ ఒక చుట్టుకి బండి 1.9 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే గంటకు 7 కి.మీ. వేగం ఉండాలి. అంత బరువుతో అనంతగిరి ఎక్కుడులో అది నిలవదు, భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. ముందు 26, వెనక 11-36 వేస్తే 5.6 కి.మీ.కే కాళ్లు అదే లయలో ఆడతాయి. సోరా వెనక డిరైలర్ (చైనును పళ్లచక్రాల మధ్య మార్చేది) 34 పళ్లు దాటదు కాబట్టి షిమానోదే 9 స్పీడ్ అలీవియో లాంగ్ కేజ్ (పొడవు చేతి) డిరైలర్ వేయించండి. షిమానో 9 స్పీడ్‌లో రోడ్డు, ఎంటీబీ (కొండ సైకిల్) వెనక డిరైలర్లకు కేబుల్ లాగుడు ఒకటే, మీ షిఫ్టర్లు (గేరు మార్చే లీవర్లు) అలాగే ఉంచుకోవచ్చు. క్రాంక్ లోపలి బోల్టులు 74 మి.మీ. బీసీడీ (బోల్టులు ఉన్న వలయం వ్యాసం) అయితేనే 26 రింగు పడుతుంది, కొలిపించి కొనండి.

జవాబు 2:
పై సలహాకి ఒక చేర్పు. ముందు, వెనక పెద్ద-చిన్న పళ్ల తేడాలు కలిపితే (50-26)+(36-11)=49. అలీవియో సర్దుకోగలిగే తేడా 45. చైను ముందూ వెనకా అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రాలకి సరిపడా పొడవే ఉంచాలి, పొట్టిదైతే డిరైలర్ విరుగుతుంది. అప్పుడు 26తో వెనక చిన్న పళ్ల మీద చైను వేలాడుతుంది, ఆ గేర్లు వాడకండి. 39 నుంచి 26కి దిగేటప్పుడు చైను లోపలికి జారకుండా చైన్ క్యాచర్ ఒకటి బిగించండి.

నన్నడిగితే అంతకన్నా ముఖ్యం వెనక చక్రం. ఎక్కువగా తెగేది కేసెట్ (వెనక పళ్ల గుత్తి) వైపు స్పోకే, అదీ హబ్ (చక్రం మధ్య భాగం) దగ్గర వంపులో. మెషీన్‌తో అల్లిన చక్రంలో బిగువు సమానంగా ఉండదు. వదులు స్పోకు ప్రతి చుట్టుకీ వంగి లేచి అలసిపోతుంది. 36 స్పోకుల చక్రం దొరికితే మేలు. లేదంటే మంచి మెకానిక్‌తో బిగువు సమానం చేయించి, 200 కి.మీ. తొక్కాక మళ్లీ చూపించండి. రెండు వైపులా స్పోకుల పొడవు వేరు. చెరో రెండు, కేసెట్ విప్పే టూలు సంచిలో ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
బ్రేకులు, క్యారియర్ సంగతి?

జవాబు 1:
కేబుల్ డిస్క్ మంచిదే, రోడ్డు పక్కనే సర్దుకోవచ్చు. చాలా మోడళ్లలో ఒక ప్యాడ్ మాత్రమే కదులుతుంది. దిగుడులో ప్యాడ్లు అరిగి లీవర్ హ్యాండిల్‌ని తాకబోతుంటే కేబుల్ లాగకండి, లోపలి ప్యాడ్ నాబ్‌ని ఒక్కో క్లిక్కు తిప్పి దగ్గరికి తేండి. వానలో రెసిన్ ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. మెటల్ ప్యాడ్లు వేసే ముందు రోటర్ (బ్రేకు పళ్లెం) మీద ‘రెసిన్ ఓన్లీ’ అని ఉందేమో చూడండి. ఉంటే రోటరూ మార్చాలి.

క్యారియర్ కొనే ముందు బ్యాగు తగిలించి తొక్కి చూడండి. చైన్‌స్టే (పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం దాకా ఉండే గొట్టం) 450 మి.మీ. దాకా లేకపోతే మడమ బ్యాగుకి కొట్టుకుంటుంది. క్యారియర్ బిగించే ఎం5 (5 మి.మీ.) బోల్టులకి నీలం లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) రాయండి, గతుకులకి మొదట వదులయ్యేవి అవే. సీటు, పెడళ్లు తర్వాత చూసుకోవచ్చు.