గేట్ లాక్: యాప్ పెట్టించాలా, సామానే మార్చాలా? (విశాఖ ఎండాడ, 40 ఫ్లాట్లు)

ఎండాడ_మూడో_ఫ్లోర్
మాది బీచ్‌కి దగ్గర. మెయిన్ డోర్‌కి కార్డు చూపిస్తే తెరుచుకునే మాగ్నెట్ లాక్ ఉంది, పెట్టి ఏడేళ్లయింది. ఈమధ్య బీప్ వస్తుంది, లాక్ పడినట్టే ఉంటుంది, కాస్త గట్టిగా లాగితే ఊడొచ్చేస్తుంది. కమిటీలో సగం మంది వచ్చేవాళ్లని ఫోన్‌లోనే అప్రూవ్ చేసే యాప్ పెట్టేద్దాం అంటారు, మిగతా సగం మొత్తం పీకేసి ఫేస్ రీడర్, వీడియో డోర్ ఫోన్ పెట్టిద్దాం అంటారు. ఆదివారం మీటింగంతా అరుపులే, బజ్జీలు తప్ప ఏదీ తేలలేదు. వాడినవాళ్లు కాస్త చెప్పండి.

ఎంవీపీ_సెక్టార్6
మేం యాప్‌కే వెళ్లాం. విజిటర్ బుక్కులో ఎవడికీ అర్థంకాని గీతలు పోయాయి, డెలివరీ కుర్రాళ్ల గొడవ తగ్గింది, అది ఒప్పుకోవాలి. కానీ యాప్ తలుపుని పట్టుకోదు కదండీ, వాచ్‌మేన్ ఫోన్‌లో అప్రూవల్ కోసం చూస్తుంటే వెనకాల ఒకడు లోపలికొచ్చేస్తాడు. మా నాన్నగారైతే నోటిఫికేషన్ మోగితే చాలు ఎవడో బ్యాంకు డబ్బులు లాగేస్తున్నాడని ఫోనే ఆపేస్తారు. పైగా ఏటా డబ్బు కట్టాలి, మానేస్తే మన రికార్డులు మన చేతికి ఎలా వస్తాయో ముందే కాగితం మీద రాయించుకోండి, మేం రాయించుకోలేదు.

గాజువాక_వైరింగ్
ఏటండీ, లాక్ ఊడిపోతుంటే యాప్ ఏటి చేస్తాది? ముందు వోల్టులు కొలిచే మీటర్ పెట్టి చూసారా? ఆ లాక్ 12 వోల్టులది అయ్యుంటాది. మామూలుగా వచ్చే 600 పౌండ్ల లాకంటే లెక్కకి 270 కిలోల బలం, కానీ లాకు, ఎదురుగా ఉండే ఇనప పలక రెండూ అతుక్కున్నట్టు కూచుంటేనే ఆ బలం. మధ్యలో కాగితమంత సందొచ్చినా పట్టు పోద్ది. బీచ్ దగ్గర ఉప్పుగాలికి ఆ పలక మీద తుప్పు పొర కడతాది. ఇంకోటి, లాక్‌కి కరెంటిచ్చే సప్లై వాచ్‌మేన్ గదిలో ఉండి అక్కణ్ణుంచి సన్న ఇంటర్‌కమ్ వైరు లాగేసుంటే దారిలోనే వోల్టేజి పడిపోద్ది. లాక్ దగ్గర కొలవండి, సప్లై దగ్గర కాదు.

సీతమ్మధార_304
హార్డ్‌వేర్ మార్చేముందు మీ కార్డుల లిస్టు ఒకసారి తీయండి. మావి 36 ఫ్లాట్లు, సిస్టమ్‌లో చూస్తే 190 కార్డులు! ఎప్పుడో ఖాళీ చేసిన అద్దెవాళ్లవి, మానేసిన డ్రైవర్లవి, అన్నీ పనిచేస్తున్నాయి. ఒక సాయంత్రం కూచుని తీసేశాం, ఖర్చు టీ డబ్బులే. కాకపోతే 125 కిలోహెర్ట్జ్ పాత కార్డులైతే కాపీ కొట్టడం చాలా తేలిక, నంబరు బయటికి చెప్పేయడం తప్ప వాటిలో రహస్యమేం ఉండదు, దానికి మాత్రం రీడరూ కార్డులూ మార్చాల్సిందే, సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు. 13.56 మెగాహెర్ట్జ్ అని రాసున్న కార్డులన్నీ గట్టివనుకోకండి, వాటిలో మైఫేర్ క్లాసిక్ అనే రకాన్ని 2008లోనే ఛేదించేశారు. డెస్‌ఫైర్ అనే రకం కార్డులు అడగండి.

లాసన్స్‌బే_అమ్మమ్మ
వేలిముద్ర మిషన్ జోలికి మాత్రం పోకండి నాయనా. నా వేలు పెడితే ఎర్రలైటే. మా పనమ్మాయిదీ అంతే, గిన్నెలు తోమీ తోమీ గీతలు అరిగిపోయాయి పాపం, రోజూ నాలుగుసార్లు తుడుచుకుని పెడుతుంది. చివరికి కార్డే ఇచ్చారు. ఇంకా 2014 అక్టోబరు 12 గుర్తుందా, హుద్‌హుద్ తుఫాను? కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకునే తలుపు ఆరోజు ఉండుంటే మా గతేంటి?

మధురవాడ_కోడర్
అమ్మమ్మ గారూ, మాగ్నెట్ లాక్‌కి కరెంటు పోతే అదే తెరుచుకుంటుందండి, అగ్నిప్రమాదంలో జనం బయటికి రావాలి కాబట్టి అదే మంచిది. బ్యాటరీ బ్యాకప్ ఉన్నచోట మాత్రం లోపలివైపు బటన్ నొక్కితే లాక్‌కి కరెంటు నేరుగా తెగాలి, కార్డు చూసి తలుపు తీయమని చెప్పే కంట్రోలర్ డబ్బా హ్యాంగ్ అయినా సరే. మీ ఇన్‌స్టాలర్‌ని ఇదొక్కటి అడగండి, నీళ్లు నమిలితే ఇంకొకళ్లని చూసుకోండి. ఫేస్ రీడర్‌కి నేనైతే ఓటెయ్యను. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, మొహం మార్చుకోలేం కదా. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, మన ఫోటోలు ఏ సర్వర్‌లో పెడతారో ముందే అడగండి.

గాజువాక_వైరింగ్
బటన్ మాట బాగా చెప్పారు మాస్టారు. నేను చూసిన వాటిల్లో సగం కంట్రోలర్ మీదుగా తిప్పేసినవే.

ఎండాడ_మూడో_ఫ్లోర్
మీటర్ పెట్టించా. సప్లై దగ్గర 12.1, లాక్ దగ్గర 9.4! సన్న ఇంటర్‌కమ్ వైరే, గోడ మలుపులో జాయింటు పచ్చగా చిలుమెక్కిపోయింది. లావు వైరు లాగించి, పలక తుడిపించి దాని స్క్రూ కొంచెం వదులు చేయించాం, అది కాస్త కదలాలట, ఎవడో బిగించి పారేశాడు. మొత్తం 2,300 అయింది. వాచ్‌మేన్ రెండు చేతులతో లాగి, గోడకి కాలు తన్నిపెట్టి మళ్లీ లాగి, "రాలేదు సార్" అన్నాడు. కార్డుల లిస్టు రేపు తీస్తాం. యాప్ గురించి ఆదివారం మళ్లీ మీటింగ్, ఈసారి బజ్జీలు ఎక్కువ చెప్పమన్నారు.